గుండెపోటుకు రక్తం పలికే సాక్ష్యం

2017 మార్చి 12వ తేదీ, ఆదివారం ఉదయం. నంద్యాల శాసనసభ్యులు భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలోని స్వగృహంలో గుండెపోటుకు లోనయ్యారు. ముందు స్థానిక ఆసుపత్రికి, ఆ పిదప నంద్యాలకు ఆయనను తరలించారు. వైద్యులు ఎంతగా ప్రయత్నించినా ప్రాణం దక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే.

పదవి, పలుకుబడి గలవారైనా, ఆళ్లగడ్డ వీధులలో ఉలి పట్టుకొని రాతిని చెక్కే శిల్పకారుడైనా, నంద్యాల మార్కెట్టు యార్డులో మూటలు మోసే కూలీ అయినా గుండె కండరానికి మాత్రం తేడా లేదు. తనకు రక్తం అందుతున్నదా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. రక్తం అందని ప్రతి నిమిషమూ ఆ కండరంలో కొంత భాగం చనిపోతూ ఉంటుంది. అలా చనిపోయిన కండరం మళ్లీ మొలవదు.

అందుకే గుండెపోటును ఎంత త్వరగా గుర్తించగలమన్నది ప్రతి కుటుంబానికీ జీవన్మరణ సమస్య. ఈ గుర్తింపులో నేడు రక్తపరీక్షలకు పెద్ద స్థానం ఉన్నది. అయితే ఆ పరీక్షలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో తెలియకపోవటం వల్ల ఇళ్లలో రెండు విధాల అనర్థాలు జరుగుతున్నాయి. రిపోర్టులో ‘నెగటివ్’ అన్న మాట చూసి నిశ్చింతగా ఇంటికి తిరిగిపోవటం మొదటిది. పరీక్షా ఫలితం కోసం ఎదురుచూస్తూ విలువైన గంటను పోగొట్టుకోవటం రెండవది. ఈ రెండింటినీ నివారించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముగ్గురు సాక్షులు

గుండెపోటును నిర్ధారించటానికి వైద్యుడు ముగ్గురు సాక్షులను పిలుస్తాడు. మొదటి సాక్షి రోగి చెప్పే బాధ. రొమ్ము మధ్యలో బండరాయి పెట్టినట్లు బరువు, ఎడమ భుజానికో, దవడకో, వీపుకో పాకే నొప్పి, చెమట, ఆయాసం, వాంతి. రెండవ సాక్షి ఈసీజీ. మూడవ సాక్షి రక్తం. ఏ ఒక్క సాక్షి మాట వినీ తీర్పు చెప్పటం వివేకం కాదు. ముగ్గురి మాటలూ కలిపి చూసినప్పుడే నిజం తేలుతుంది.

ఈ మూడవ సాక్షి మనకు పరిచయమై ఇంకా డెబ్బై ఏళ్లు దాటి కొంతకాలమే అయింది. 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు పరిశోధకులు గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఒక ఎంజైము పెరుగుతున్నదని చూపించారు. మన లివర్ రిపోర్టులలో ‘ఎస్‌జీఓటీ’ అని కనిపించేది అదే. కాని అది కాలేయంలోనూ, ఇతర కండరాలలోనూ ఉంటుంది. కాలేయం చెడినా పెరుగుతుంది. కనుక దాని సాక్ష్యం సందిగ్ధంగానే మిగిలింది.

తరువాతి దశాబ్దాలలో ‘సీకే-ఎంబీ’ అనే పరీక్ష వచ్చింది. ఇది మునుపటి దానికంటే మేలే. అయినా శరీరంలోని ఇతర కండరాలలో కూడా కొద్దిపాటి సీకే-ఎంబీ ఉంటుంది. తీవ్రమైన శరీరశ్రమ తరువాత, పెద్ద గాయం తగిలినప్పుడు కూడా ఇది పెరగవచ్చు. గుండెకు మాత్రమే చెందిన పదార్థమేదైనా దొరికితే బాగుండునని వైద్యలోకం ఎదురుచూసింది.

ఆ ఎదురుచూపుకు సమాధానం ట్రోపోనిన్. కండరం ముడుచుకోవటాన్ని, సడలటాన్ని నియంత్రించే ఈ ప్రోటీనును 1960లలో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి కనుగొన్నారు. ఇందులో సి, ఐ, టి అని మూడు భాగాలున్నాయి. వీటిలో ఐ, టి అనే రెండూ గుండె కండరంలో ప్రత్యేకమైన రూపంలో ఉంటాయి. 1980ల చివర ఆ ప్రత్యేక రూపాన్ని రక్తంలో కొలిచే పద్ధతులు రూపొందాయి. జర్మనీకి చెందిన హ్యూగో కాటుస్ బృందం 1989లో ట్రోపోనిన్-టి పరీక్షను ప్రకటించింది. 2000 సంవత్సరంలో యూరప్, అమెరికా హృద్రోగ వైద్యసంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే మార్చివేసి, ట్రోపోనిన్‌ను దానికి ప్రధాన ఆధారంగా స్వీకరించాయి. నేటికీ అదే స్థానంలో ఉన్నది.

గడియారం చూడకుండా రిపోర్టు చదవరాదు

ట్రోపోనిన్ గుండె కణాల లోపల ఉండే పదార్థం. కణం దెబ్బతిని దాని గోడ చిట్లితేనే అది రక్తంలోకి వస్తుంది. ఇలా బయటపడటానికి కొంత సమయం పడుతుంది. సాధారణ పరీక్షలలో నొప్పి మొదలైన 3 నుంచి 6 గంటల తరువాతనే పెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది. 2010 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చిన అతి సూక్ష్మ పరీక్షలు, అంటే ‘హై సెన్సిటివిటీ ట్రోపోనిన్’, దీనిని ఇంకా ముందుగా, 1 నుంచి 3 గంటలలోనే పట్టుకోగలవు. పెరిగిన ట్రోపోనిన్ వారం నుంచి రెండు వారాల వరకు రక్తంలో నిలిచి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫజ్ర్ నమాజుకు లేచిన పెద్దమనిషికి తెల్లవారుజామున 4:30 గంటలకు రొమ్ములో నొప్పి మొదలైంది. కుటుంబసభ్యులు మెలకువతో వ్యవహరించి 5:15 కల్లా దగ్గరి ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఒక చుక్క రక్తం కార్డు మీద వేసి చూశారు. ఒకే గీత వచ్చింది. ‘నెగటివ్’ అన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కాని నిజానికి అప్పటికి గడచింది 45 నిమిషాలే. సాక్షి ఇంకా న్యాయస్థానానికి చేరనే లేదు. రాని సాక్షి మౌనాన్ని నిర్దోషిత్వానికి రుజువుగా భావించటం ఎంత పొరపాటో, ఆ నెగటివ్‌ను నమ్మి ఇంటికి వెళ్లటం అంత పొరపాటు.

అందువల్లనే వైద్యులు ఒకసారి కాక రెండుసార్లు, అవసరమైతే మూడుసార్లు రక్తం తీస్తారు. సాధారణ పరీక్ష అయితే 3 నుంచి 6 గంటల వ్యవధి తరువాత మళ్లీ చూస్తారు. అతి సూక్ష్మ పరీక్ష ఉన్నచోట 1 గంటకో, 2 గంటలకో, 3 గంటలకో తిరిగి చూసినా సరిపోతుంది. రెండు అంకెల మధ్య తేడాయే అసలు విషయం. అంకె పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, కదలక ఉన్నదా అన్న దానిని బట్టి వైద్యుడు నిర్ణయానికి వస్తాడు. ‘ఒకసారి తీశారు కదా, మళ్లీ ఎందుకు, బిల్లు పెంచటానికా?’ అని కొందరు అనుమానిస్తారు. అన్ని అనుమానాలూ నిరాధారమైనవి కాకపోవచ్చు గాని, ఈ రెండవ పరీక్ష విషయంలో మాత్రం ఆ అనుమానం తగదు.

రక్తం కోసం ఆగరాని సందర్భం

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. గుండెకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఈసీజీలో ఒక ప్రత్యేకమైన మార్పు కనిపిస్తుంది. దీనిని వైద్యులు ‘స్టెమీ’ అంటారు. ఈసీజీలో ఆ మార్పు స్పష్టంగా కనిపించినప్పుడు ట్రోపోనిన్ ఫలితం కోసం నిరీక్షించనక్కరలేదు, నిరీక్షించకూడదు కూడా. వెంటనే ధమనిని తెరవాలి. దానికి రెండు మార్గాలున్నాయి. క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలో బెలూను, స్టెంటు ద్వారా తెరవటం ఒకటి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వటం రెండవది. స్టెంటు వేసే చోటికి చేరి ధమనిని తెరవటానికి 120 నిమిషాలకు మించి పడుతుందనుకుంటే, అడ్డంకులేవీ లేనప్పుడు ఇంజెక్షన్ ముందుగా ఇవ్వాలన్నది అంతర్జాతీయంగా వైద్యులు అనుసరించే సూత్రం.

మన ప్రాంతపు భూగోళాన్ని ఈ సూత్రం పక్కన పెట్టి చూడండి. 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల నుంచి కర్నూలుకు ఇంకా సుమారు 70 కిలోమీటర్లు. ఆళ్లగడ్డకు అటువైపు పల్లెలలో నివసించేవారు ముందు ఆళ్లగడ్డ చేరాలి. వాహనం దొరకటం, రోగిని ఎక్కించటం, దారిలో ఆగటం, అక్కడ చేర్చుకోవటం, ఇవన్నీ లెక్కిస్తే 120 నిమిషాలు ఎంత తేలికగా కరిగిపోతాయో వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి ‘పెద్ద ఊరికే పోదాం’ అని దగ్గరి ఆసుపత్రిని దాటిపోవటం అన్ని వేళలా మేలు చేయదు. ముందు దగ్గరలో ఈసీజీ తీయించాలి. ఆ తరువాత ఎక్కడికి అన్నది వైద్యుడు చెప్పాలి.

సంతోషించదగిన విషయమేమంటే, ఈ దూరాన్ని జయించటానికి మన రాష్ట్రంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్యశాలలలో స్టెమీ కార్యక్రమం మొదలైంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని బోధనాసుపత్రిలోని హృద్రోగ నిపుణునికి పంపిస్తారు. ఆయన సలహా మేరకు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. పిదప రోగిని పెద్దాసుపత్రికి తరలిస్తారు. మీకు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో ఈ సౌకర్యం ఉన్నదా, రాత్రివేళ కూడా ఉంటుందా అని ఆరోగ్యంగా ఉన్న రోజునే వెళ్లి అడిగి తెలుసుకోండి. నొప్పి వచ్చిన రాత్రి అడిగి తెలుసుకునే తీరిక ఉండదు.

పాజిటివ్ అంటే అన్నీ గుండెపోట్లు కావు

ట్రోపోనిన్ పెరిగినదంటే గుండె కండరానికి దెబ్బ తగిలిందని అర్థం. ఆ దెబ్బ ఎందువల్ల తగిలిందో ఆ అంకె చెప్పదు. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో, గుండె వైఫల్యం ఉన్నవారిలో, గుండె కండరానికి వాపు వచ్చినప్పుడు, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, రక్తంలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా ఇది పెరుగుతుంది. డయాలిసిస్ చేయించుకుంటున్న తండ్రికి ట్రోపోనిన్ కాస్త ఎక్కువగా ఉన్నదని తెలియగానే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టనక్కరలేదు. ఆ అంకె గంటగంటకూ మారుతున్నదా, చాలాకాలంగా అక్కడే నిలిచి ఉన్నదా అని వైద్యుడు చూస్తాడు. మీ దగ్గర పాత రిపోర్టు ఉంటే ఇక్కడే అక్కరకు వస్తుంది. కనుక రిపోర్టులు పారవేయకండి.

అంకెలను పోల్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఒక ల్యాబ్ ‘నానోగ్రామ్ పర్ మిల్లీలీటర్’ లెక్కలో, మరొక ల్యాబ్ ‘నానోగ్రామ్ పర్ లీటర్’ లెక్కలో ఫలితం ఇస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా వెయ్యి రెట్లు. ఒకచోట 0.014 అని వచ్చినదీ, మరొకచోట 14 అని వచ్చినదీ ఒకటే. అంతేకాక ట్రోపోనిన్-ఐ అంకెను ట్రోపోనిన్-టి అంకెతో పోల్చరాదు. ఆళ్లగడ్డలో తీసిన రిపోర్టును, నంద్యాలలో తీసిన రిపోర్టును పక్కపక్కన పెట్టి ‘ఒక్క గంటలో ఇంత పెరిగిందా!’ అని బెంబేలు పడేముందు ఈ రెండు విషయాలూ చూడాలి.

జుట్టు రాలకుండా ఉండటానికని చాలామంది స్త్రీలు, యువకులు బయోటిన్ మాత్రలు వాడుతున్నారు. ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడితే కొన్ని రకాల యంత్రాలలో ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించే ప్రమాదమున్నదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కనుక ఆసుపత్రిలో ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని అడిగినప్పుడు బీపీ, షుగరు మాత్రలతో పాటు ఈ మాత్రల సంగతి కూడా చెప్పవలెను.

ఆయాసానికి వేరొక పరీక్ష

గుండెపోటు వేరు, గుండె వైఫల్యం వేరు. గుండె రక్తాన్ని తగినంతగా పంపు చేయలేక నీరసించినప్పుడు పాదాలలో వాపు, పడుకుంటే ఆయాసం, రాత్రివేళ ఊపిరాడక లేచి కూర్చోవటం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఇవే లక్షణాలు ఊపిరితిత్తుల జబ్బుతోనూ రావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయటానికి ‘బీఎన్‌పీ’, ‘ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ’ అనే పరీక్షలు తోడ్పడతాయి. గుండె గది గోడలు సాగి ఒత్తిడికి లోనైనప్పుడు విడుదలయ్యే ఈ పదార్థాన్ని 1988లో జపాన్ పరిశోధకులు మొదట పంది మెదడులో కనుగొన్నారు. అందుకే దాని పేరులో మెదడును సూచించే అక్షరం నిలిచిపోయింది. ఆ తరువాత అది ప్రధానంగా గుండెలోనే తయారవుతున్నదని తేలింది. హఠాత్తుగా ఆయాసం వచ్చిన వ్యక్తిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 పీకోగ్రాములకు లోపుగా ఉంటే ఆ ఆయాసానికి గుండె వైఫల్యం కారణం కాకపోవచ్చునని భావిస్తారు. వయస్సు పైబడినవారిలో, మూత్రపిండాలు బలహీనపడినవారిలో ఇది ఎక్కువగాను, స్థూలకాయులలో తక్కువగాను ఉండవచ్చు.

ముందుచూపుకు ఉపయోగపడేవి

ఇక మూడవ రకం పరీక్షలున్నాయి. ఇవి గుండెపోటును నిర్ధారించేవి కావు, రాబోయే ముప్పును అంచనా వేసేవి. వీటిలో మొదటిది లిపిడ్ ప్రొఫైల్. అందులో చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ ముఖ్యమైనది. రెండవది మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ. ఇది 6.5 శాతం లేక అంతకు మించి ఉంటే మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాని గడపలో ఉన్నట్లు. మూడవది లైపోప్రోటీన్-ఎ. 1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ కనుగొన్న ఈ పదార్థం ప్రధానంగా వంశపారంపర్యంగా వస్తుంది. జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములకు పైబడి ఉంటే ముప్పు ఎక్కువ. తండ్రికో సోదరునికో 55 ఏళ్లలోపు, తల్లికో సోదరికో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిన కుటుంబాలవారు దీని గురించి వైద్యుని అడగటం మంచిది.

అయితే ఈ పరీక్షలు బాగున్నాయని నేడు వచ్చిన ఛాతీనొప్పిని తేలికగా తీసుకోరాదు. ‘పోయిన నెలలోనే ఫుల్ బాడీ చెకప్ చేయించాము, అంతా నార్మల్’ అన్న మాట గుండెపోటు వచ్చిన రాత్రి దేనికీ కొరగాదు. పొగ, జర్దా, గుట్కా వాడేవారికి ఏ ప్యాకేజీ కూడా రక్షణ కవచం కాలేదు.

స్త్రీల విషయంలో జాప్యం

స్త్రీలలోను, మధుమేహం ఉన్నవారిలోను గుండెపోటు మనకు తెలిసిన రూపంలో రాకపోవచ్చు. ఛాతీలో నొప్పి లేకుండా ఆయాసం, అకారణమైన అలసట, వీపు నొప్పి, దవడ నొప్పి, కడుపులో వికారం మాత్రమే ఉండవచ్చు. ‘గ్యాస్’ అనుకొని సోడా తాగించి, వాము నమిలించి పడుకోబెట్టిన రాత్రులు మన ఇళ్లలో ఎన్నో. పైగా, ఇంటి మగవారు గల్ఫ్‌లో ఉంటే వారితో మాట్లాడిన తరువాతనే కదలాలని, లేడీ డాక్టరు దొరికితేనే చూపించుకోవాలని అమ్మీలు, అత్తమ్మలు ఆగిపోతుంటారు. ప్రాణాపాయ స్థితిలో స్త్రీకి పురుష వైద్యుడు చికిత్స చేయటానికి షరీఅత్‌లో అభ్యంతరం లేదు. ఈసీజీ తీసేటప్పుడు స్త్రీ నర్సును పిలవమని, తెర వేయమని అడగవచ్చు. అడిగితే ఏర్పాటు చేస్తారు. గౌరవమూ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది.

రమజాన్ మాసంలో మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. పరీక్షకు రక్తం ఇస్తే రోజా భంగమవుతుందా? భంగం కాదన్నది అత్యధిక సంఖ్యాకులైన పండితుల అభిప్రాయం. ట్రోపోనిన్ పరీక్షకు పరగడుపుతో ఉండవలసిన అవసరం కూడా లేదు, తిని ఉన్నా తినకున్నా ఏ వేళనైనా చేయవచ్చు. ఇక గుండెనొప్పి వచ్చినవారు ఇఫ్తార్ దాకా ఓర్చుకోవాలని పట్టుబట్టటం ధర్మం కోరే విషయం కాదు. వ్యాధిగ్రస్తులకు ఇస్లాం సడలింపు ఇచ్చింది. తప్పిన రోజాలు తరువాత పాటించుకోవచ్చు. గుండె మందులు వాడేవారు వాటిని సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు ఎలా సర్దుకోవాలో రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి.

ప్రతి ఇంట్లో ఉండవలసిన ఏర్పాటు

ఒక కాగితం తీసుకొని దాని మీద ఇంట్లోని పెద్దల పేర్లు, వారికున్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు రాయండి. 108తో పాటు రాత్రివేళ ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రి నంబరు రాయండి. పాత ఈసీజీ, రక్తపరీక్షల రిపోర్టులు, ఆరోగ్య బీమా కార్డు ఒకే సంచిలో ఉంచండి. దానిని బీరువా లోపల దాచక, అందరికీ తెలిసిన చోట తగిలించండి.

నొప్పి వచ్చినప్పుడు మొదట గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. ‘ఎప్పుడు మొదలైంది?’ అన్నదే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న. చికిత్సా, రక్తపరీక్ష అర్థమూ దాని మీదనే ఆధారపడి ఉంటాయి. రోగిని నడిపించవద్దు, మోటారుసైకిలు మీద కూర్చోబెట్టవద్దు. 108కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ నమలమంటారా అని అడగండి. ఆస్పిరిన్ పడనివారికి, రక్తస్రావం ఉన్నవారికి అది ఇవ్వరాదు. నాలుక కింద పెట్టే మాత్ర బీపీ పడిపోయినవారికి ప్రమాదం గనుక, వైద్యుడు చెప్పనిదే ఇరుగుపొరుగు వారి మాత్ర తెచ్చి ఇవ్వరాదు. రోగి స్పృహ కోల్పోయి శ్వాస ఆగిపోతే, సహాయం అందేదాకా రొమ్ము మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా అదుముతూ ఉండాలి.

ఆసుపత్రిలో మూడు ప్రశ్నలు అడగండి. ఈసీజీలో ఏమున్నది? ట్రోపోనిన్ మళ్లీ ఎప్పుడు చూస్తారు? ఇక్కడ ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారా, ఇవ్వకుండానే పంపుతారా? ఇవి వైద్యుని తప్పుపట్టే ప్రశ్నలు కావు. బాధ్యత గల కుటుంబం అడగవలసిన ప్రశ్నలు.

దేహం మనకు సొంత ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆయుష్షు ఆయన చేతిలోనే ఉన్నది. కాని తవక్కుల్ అంటే ప్రయత్నం మానివేయటం కాదు, చేయవలసినదంతా చేసి ఫలితాన్ని ఆయనకు అప్పగించటం. దుఆ చేసే నాలుక, ఫోను అందుకునే చెయ్యి ఒకే సమయంలో కదలవచ్చు. ఈ మాసం పత్రిక పక్కన పెట్టేలోగా ఆ కాగితం రాసి గోడకు తగిలించాలని మా మనవి.